పైనున్నదే గెలుస్తుంది

మార్చి 3, సోమవారం

పంపుల కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఈ డైరీని ఇంతవరకూ తెరవలేదు. ఇవాళ తెరవక తప్పలేదు. జరిగింది పదిమందికీ చెప్పుకుంటే గొప్పలు పోతోంది అంటారు, చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు. దీన్ని ఎలాగూ ఎవరూ చదవరు కనుక ఇందులో నా ఇష్టమొచ్చినట్టు గొప్పలు పోతాను.

ఉదయం చీఫ్ ఇంజినీరు గారు గదికి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటేనే విషయం పెద్దదని అర్థం. మా ఎగువ ఆనకట్ట కంట్రోల్ రూములో ఉన్న పాత మెషీన్‌ని వానలకు ముందే తీసేస్తారట. ఇకమీదట దిగువ ఆనకట్ట వాళ్ళ మెషీనే రెండు చోట్లా గేట్లు ఎత్తుతుంది, దించుతుంది. మెషీన్ వాళ్ళదైనా మా గేట్లకు మా నియమాలే నడుస్తాయి. నీళ్ళు ఏ గీత దాటితే ఎన్ని గేట్లు ఎత్తాలి, ఏ కాలువకు ఎప్పుడు వదలాలి, ఏం జరిగితే ఏది ఆపాలి, అవన్నీ నేను రాసినవి, ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ వచ్చినవి. వాటిని నేనే కొత్త భాషలోకి మార్చి ఇంటర్నెట్ మీదుగా పంపాలి.

ఆ భాష మాదీ కాదు, వాళ్ళదీ కాదు. ఏ కంపెనీ మెషీన్ అయినా ఇంకో కంపెనీ మెషీన్ నియమాలను చదువుకోవడానికి ఒక కమిటీ తయారుచేసిన ఉమ్మడి మార్కప్ భాష. ప్రతి మాటనూ కోణాల బ్రాకెట్లలో పెట్టి తెరవాలి, చెప్పాల్సింది చెప్పి మళ్ళీ మూయాలి. 'ఉంటే' అని తెరిచి షరతు చెప్పి మూయాలి. 'అప్పుడు' అని తెరిచి చేయాల్సిన పని చెప్పి మూయాలి. అలా బ్రాకెట్లలో పెట్టిన ఒక్కో మాటనూ ట్యాగు అంటారు. మా గదిలో దానికి అప్పుడే బ్రాకెట్ల భాష అని పేరు పెట్టేశారు.

"మీరు తప్ప ఇంకెవరూ చేయలేరమ్మా" అన్నారు ఆయన. వినయంగా తల వంచుకున్నాను. కనీసం వంచుకున్నాననే అనుకుంటున్నాను.

దిగువ ఆఫీసులో నా ఫైలు అందుకునేది ఎవరో చెప్పేముందు మాత్రం ఆయన గొంతు సవరించుకున్నారు. మా ఆడపడుచు.

మార్చి 4

మా ఆయనకు చెప్పాను. "ఇంట్లో మీ ఇద్దరికీ మధ్య నేను, ఆఫీసుల మధ్య బ్రాకెట్లు" అన్నారు. ఆయనకు అన్నీ వేళాకోళమే.

మార్చి 9, ఆదివారం

ఇవాళ మొదటి నియమం మార్చాను. కావాలనే దానితో మొదలుపెట్టాను.

రెండు ఆనకట్టల మధ్య పాత వంతెన ఉంది. దాని స్తంభాలకు మరమ్మతు చేయించే ఇంజినీరు మా ఆయన. నీళ్ళు తక్కువున్న రోజుల్లో మనుషులను వెంటబెట్టుకుని నదిలో దిగి పొద్దంతా అక్కడే ఉంటారు. రేవు మెట్ల దగ్గర ఒక బోర్డుకు ఇత్తడి బిళ్ళలు వేలాడుతుంటాయి. దిగేవాళ్ళు తలా ఒకటి తీసి జేబులో వేసుకుంటారు, పైకొచ్చాక తగిలిస్తారు. ఒక్క బిళ్ళ తక్కువైనా నదిలో మనిషి ఉన్నట్టు మెషీన్‌కి తెలుస్తుంది. అలా ఉండగా నీళ్ళు ఎర్ర గీతకు చేరితే సైరన్ మోగాలి, గేటు కదలకూడదు. ఇదీ నా మొదటి నియమం. నీళ్ళు ఎర్ర గీత దాటితే గేటు ఎత్తాలి అన్నది దాని కింద ఉంటుంది.

మా గదిలో చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. పైనున్నదే గెలుస్తుంది. మా మెషీన్ నియమాలను పైనుంచి చదువుకుంటూ వస్తుంది. మొదట కుదిరినదాన్ని పట్టుకుని ఆగిపోతుంది, కింద ఏముందో చూడదు. అందుకే నేను ముందు ప్రాణాలు, తర్వాత ఆనకట్ట, ఆ తర్వాత పంటలు, చివర మిగతావి అని పేర్చుకుంటూ వచ్చాను. ఆ పేర్పు నా పనితనం. నియమాలు ఎవరైనా రాస్తారు.

మార్చి 17

సగం అయింది. ఉమ్మడి భాష రాసిన కమిటీ వాళ్ళ మీద గౌరవం పెరిగింది. వాళ్ళ పత్రం మొత్తం ప్రింటు తీసి చదువుతున్నాను. నచ్చిన వాక్యాల కింద పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాను. ఎక్కడో కూర్చున్న ఎవరెవరో, ఒకరి మెషీన్ ఇంకొకరి మాట వినాలని ఇన్నేళ్ళు కూర్చుని వాదించుకున్నారంటే మామూలు విషయం కాదు.

మార్చి 23, ఆదివారం

ఆడపడుచు భోజనానికి వచ్చింది. ఆమె మా ఆయన కంటే తొమ్మిదేళ్ళు చిన్న. పెద్ద ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో అందరికీ బుల్లెమ్మే. నన్ను ఇంట్లో వదినా అంటుంది, ఆఫీసు ఫోన్లో మేడమ్ అంటుంది. ఆ రెండింటినీ ఎప్పుడూ కలపదు. అందుకు మెచ్చుకోవాలి.

భోజనాలయ్యాక వాళ్ళ ఆనకట్ట ఫైలు లాప్‌టాప్‌లో చూపించింది. ప్రతి నియమానికీ ఒక నంబరు తగిలించి ఉంది. రెండు నియమాలు పోటీ పడితే పెద్ద నంబరున్నది గెలుస్తుందట. "బడిపిల్లలకు మెళ్ళో బిళ్ళలు కట్టినట్టు కట్టావే" అన్నాను. అత్తగారు పకపకా నవ్వారు. కూతురి మీద వేసిన జోకుకు ఆవిడ నవ్వడం ఎప్పుడో గానీ జరగదు.

నా ఫైలు చూపించాను. అందులో ఒక్క అనవసరపు ట్యాగు లేదు. ఆ నంబరు ట్యాగు గురించి కమిటీ పత్రంలో 'కావాలంటే వాడుకోవచ్చు' అనే ఉంది. నాకు అక్కర్లేదు. నా నియమాలు వరుసలోనే ఉన్నాయి.

గిన్నెలు కడుగుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"సైరన్ నియమం, ఎర్ర గీత నియమం రెండూ ఒకేసారి కుదిరితే?" అంది.

"పైనున్నదే గెలుస్తుంది. నీకు తెలియనిదా?"

"పై అంటే మా మెషీన్‌కి ఎలా తెలుస్తుంది, మేడమ్?"

మేడమ్. నా వంటింట్లో, నా గిన్నెల ముందు. మీ అన్నయ్య ఆ నదిలో దిగే మనిషి, ఆ నియమం సంగతి నాకు ఒకరు చెప్పాలా అన్నాను. ఆమె చేతిలో ఉన్న పళ్ళెం తుడిచి పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 24

మేడమ్ అట.

మార్చి 26

అత్తగారు రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేశారు. పొద్దున కాఫీ ఇస్తూ, పిల్ల ఏదో అడిగితే జవాబు చెప్పకుండా కసురుకున్నావట అన్నారు. నేను కసురుకోలేదు. చెప్పాల్సిన జవాబు చెప్పాను. అసలు సంగతేమిటంటే బుల్లెమ్మకు నా ఫైలు అంత సన్నగా, శుభ్రంగా ఉండటం మింగుడు పడలేదు. మనిషి మంచిదే. కానీ తనకంటే ఎవరైనా బాగా చేస్తే మూతి ముడుచుకోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నదేనని మా ఆయనే చెప్పారు. చెప్పలేదా? ఎప్పుడో చెప్పారు.

ఏప్రిల్ 11

పూర్తయింది. కమిటీ వాళ్ళ తనిఖీ ప్రోగ్రాంలో ఫైలు వేశాను. తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. ఒక్క తప్పు లేదు, ఒక్క హెచ్చరిక లేదు.

ఉమ్మడి భాషలో నాకు అన్నిటికంటే నచ్చిన ట్యాగు 'రచయిత'. ప్రతి నియమానికీ రాసినవాళ్ళ పేరు పెట్టొచ్చు. మా పాత మెషీన్‌లో అలాంటి చోటే లేదు. ఇన్నేళ్ళలో గేటు లేచిన ప్రతిసారీ అది నా మాట వినే లేచిందని ఎవరికి తెలుసు? ఇప్పుడు వరుసగా, కిందిదాకా, నా పేరే. ఒకసారి పైనుంచి కిందికి చదువుకున్నాను. మళ్ళీ ఇంకోసారి చదువుకున్నాను. ఎవరూ చూడలేదు.

చీఫ్ ఇంజినీరు గారు ఫైలు చూసి, ఇంత పొందికైన పని ఈ ఆఫీసులో చూడలేదన్నారు. పక్క గదిలోవాళ్ళకు వినబడేలా ఇంకోసారి అనమని అడగాలనిపించింది.

మే 12, సోమవారం

పాత మెషీన్‌ని ఆపేశారు. తెర తుడిచాను. ఎవరో నవ్వారు, నవ్వనీ. మా గదిలో ఇప్పుడు చూడటానికి మాత్రమే ఒక తెర ఉంది. ఆజ్ఞలన్నీ దిగువ నుంచే వస్తాయి. వానలకు ఇంకా టైముంది కాబట్టి ఈ నెలంతా పరీక్షేనట. ఎర్ర గీత దగ్గరికి కూడా నీళ్ళు రావని అందరి ధీమా.

నా నియమాలు వేరే ఊరి మెషీన్‌లో నడుస్తున్నాయి. పరాయి మెషీన్ నా మాట వింటోంది. మొదటి కాలువ గేటు అనుకున్న గంటకు అనుకున్నంత తెరుచుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయని రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

మే 20, మంగళవారం

ఇవాళ రాయాలని లేదు. అయినా రాస్తాను.

పైన కొండల్లో రాత్రి కురిసిన వానకు పొద్దున పదకొండింటికి నీళ్ళు ఎర్ర గీత దాటాయి. ఈ నెలలో ఎప్పుడూ అలా జరగలేదు. సైరన్ మోగింది. బిళ్ళలు బోర్డు మీద లేవు కాబట్టి మోగాల్సిందే. నా నియమం పనిచేస్తోందని కుర్చీలో వెనక్కి వాలాను. తర్వాత కిటికీలోంచి చూశాను. మూడో గేటు కింద తెల్లటి గీత ఉంది. అది నీళ్ళు.

సైరన్ మోగుతూనే ఉంది, గేటు లేస్తూనే ఉంది. రెండూ ఒకేసారి.

గేటు జానెడు లేచి ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఫోన్ మోగింది. "మేడమ్, మెషీన్‌ని ఆపి ఇక్కణ్ణుంచి మేమే మూసేస్తున్నాం" అంది బుల్లెమ్మ. ఆమె గొంతు అలా ఉండగా ఎప్పుడూ వినలేదు. గేటు దిగింది. ఈలోగా వదలాల్సిన నీళ్ళు వదిలేసినట్టే కదా అని ఎవరో అన్నారు. ఆ మనిషి వైపు ఎలా చూశానో గానీ గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

మా ఆయన ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎత్తలేదు.

కారు వేసుకుని రేవుకు వెళ్ళేసరికి అందరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన ప్యాంటు మోకాళ్ళ పైదాకా తడిసి ఉంది. సైరన్ వినగానే మనుషులను ముందు ఎక్కించి తను చివర ఎక్కారట. అప్పటికే నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. జానెడు గేటుకు అంత. పూర్తిగా లేచి ఉంటే అన్న లెక్క నాకు వచ్చు. ఈ ఆఫీసులో అందరికంటే నాకే బాగా వచ్చు.

"నా చెప్పులు కొట్టుకుపోయాయోయ్. మా చెల్లెలికి ఫోన్ చెయ్యి, ఈపాటికి వాళ్ళ ఆనకట్ట దగ్గరికి చేరుంటాయి" అన్నారు.

నేను ఏడవలేదు. ఆయన చేతిలోంచి బిళ్ళ తీసుకుని బోర్డుకు తగిలించాను.

మే 21

తప్పు వాళ్ళ మెషీన్‌దే.

మే 22

వాళ్ళ మెషీన్‌దే. నా ఫైలుకు ఆకుపచ్చ గీత వచ్చింది. ఎవరడిగినా ఆ కాగితం చూపిస్తాను.

మే 23, శుక్రవారం

కమిటీ పత్రం మళ్ళీ మొదటినుంచి చదివాను. మెషీన్ తప్పుందని నిరూపించడానికే చదివాను. పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది. 'నియమాలు ఏ వరుసలో రాసినా వాటి అర్థం మారదు.' అంటే ఆ భాషలో పైన, కింద అనేవే లేవు. అన్ని నియమాలూ ఒకే బుట్టలో ఉంటాయి. ఏవి కుదిరితే అవన్నీ పనిచేస్తాయి. ఒకటి గెలవాలంటే గెలవాలని చెప్పాలి. అందుకే ఆ నంబరు ట్యాగు.

ఆ వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది. మార్చిలో నేనే గీశాను. ఎందుకు గీశానో కూడా గుర్తుంది. చదవగానే చాలా అందంగా అనిపించింది.

మే 24

పైనున్నదే గెలుస్తుందని మా గదిలో అందరికీ తెలుసు. మా ఫైలులో ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు. మాకు చెప్పాల్సిన అవసరం రాలేదు కాబట్టి ఎవరికీ అవసరం రాదనుకున్నాను.

మే 26, సోమవారం

ఇవాళ ఇంకో దెబ్బ. చీఫ్ ఇంజినీరు గారు తెర మీద ఒక నియమం చూపించి ఇది మీరు రాసిందేనా అని అడిగారు. ఒకే గేటుకు రెండు ఆజ్ఞలు ఎదురెదురుగా వస్తే, గేటు ఎక్కడున్నది అక్కడే ఆగి మనిషిని పిలవాలి. మొన్న రెండు ఆజ్ఞలూ ఎదురెదురని మెషీన్ గుర్తించేసరికి గేటు జానెడు లేచింది, అక్కడ ఆపింది అదేనట. నేను రాయలేదు. నా ఫైలులోకి అది ఎలా వచ్చింది? రచయిత అన్నచోట బుల్లెమ్మ పేరుంది. రాసిన తేదీ మా వంటింటి గొడవ మర్నాటిది, నా ఫైలు అందాక దాని చివర తగిలించిందట.

ఒళ్ళు మండిపోయింది. మా ఆయన ప్రాణం నిలబెట్టిన నియమం కళ్ళముందుంటే మండటమేమిటని ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను. కానీ మండింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నమే కారు తీసుకుని దిగువ ఆఫీసుకు వెళ్ళాను. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఆమె గదిలో ఇంకెవరూ లేరు.

"ఎవరిని అడిగి పెట్టావు?" అన్నాను.

"ఎవర్నీ అడగలేదు, వదినా. అడిగితే వద్దనేదానివి."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నువ్వు మనసులో అనుకున్నది మా మెషీన్‌కి వినబడుతుందని మాత్రం లేదు. కింద ఉండేది మా అన్నయ్య" అంది.

"నాకేమీ కాడా?"

ఆమె నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆఫీసుల్లో ఏడవకూడదని నా పద్ధతి, కానీ అది మా ఆఫీసు కాదు.

వచ్చేటప్పుడు బల్ల కింద నుంచి ఒక సంచి తీసి ఇచ్చింది. వాళ్ళ ఆనకట్ట ముందు చెత్తను ఆపే జాలీకి దొరికిందట. మా ఆయన ఎడమ కాలి చెప్పు.

మే 28

రెండు ఆఫీసుల మీటింగు. పెద్దవాళ్ళందరూ వచ్చారు. బుల్లెమ్మ లేచి, మేడమ్ ఫైలులో భాషాపరంగా ఒక్క తప్పు లేదని మొదలుపెట్టింది. నన్ను కాపాడుతోంది. చేయెత్తి ఆపాను. నియమాల వరుస నా తలలో ఉంది, ఫైలులో లేదు, ఫైలులో లేనిది పంపినట్టు కాదు అన్నాను. ఇంత తిన్నగా ఒక మాట చెప్పగలనని నాకే తెలియదు. కూర్చున్నాక నాకు గర్వంగా అనిపించింది. గర్వపడాల్సిన సందర్భమా అంటే కాదేమో. అయినా పడ్డాను.

నంబర్లు వేసే పని దిగువ ఆఫీసుకు అప్పగిద్దామన్నారు ఎవరో. కుదరదన్నాను. ఆ వరుస ఉన్నది నా తలలో. బయటికి తీయాల్సింది నేనే. పక్కన మేడమ్ కూర్చోవాలి. ఈసారి ఆమెను మేడమ్ అన్నది నేను. అందరూ ముందు నన్ను చూశారు, తర్వాత ఆమెను చూశారు.

జూన్ 1, ఆదివారం

మా భోజనాల బల్ల మీదే పెట్టుకున్నాం. ఒక్కో జంట నియమాలను తీసి, ఇది దాన్ని ఎందుకు గెలవాలి అని ఆమె అడుగుతుంది. నేను చెప్పాలి. చెప్పలేకపోతే నంబరు లేదు. అంత మొండిది. చాలావాటికి నా దగ్గర జవాబుంది, జవాబు వెనక ఒక వాన ఉంది, ఒక ఎండ ఉంది, ఒకసారి తెగిన కాలువ గట్టు ఉంది. అవన్నీ చెబుతుంటే ఆమె టైపు చేయడం ఆపి వింది. ఇవన్నీ ఎక్కడా రాసి లేవా వదినా అంది. ఇప్పుడు రాస్తున్నాం కదా అన్నాను.

ఒకచోట తాగునీటి కాలువకూ పంట కాలువకూ మధ్య గంటసేపు కొట్టుకున్నాం. పంటే ముందుండాలని ఆమె పట్టు. తాగునీటి చెరువు నిండితే అది ఎలాగూ ఆగిపోతుంది, ఆగాక నీళ్ళన్నీ పంటకే, కాబట్టి తాగునీరు ముందున్నా పంటకు నష్టం లేదని కాగితం మీద గీసి చూపించాను. ఆ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నిజమే అంది. చెల్లెలు ఓడిపోవడం చూడటానికి మా ఆయన స్నానం మానేసి తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.

అత్తగారు మధ్యమధ్యలో వచ్చి ఎవరు గెలుస్తున్నారు అని అడిగి పోతున్నారు.

జూన్ 5

కమిటీకి ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. రెండు నియమాలు ఒకే పరికరానికి ఎదురెదురు ఆజ్ఞలిచ్చే వీలుండి, నంబరు ట్యాగు ఖాళీగా ఉంటే, తనిఖీ ప్రోగ్రాం ఆకుపచ్చ గీత చూపించకూడదు అన్నాను. బుల్లెమ్మ చదివి రెండు మాటలు మార్చింది. మార్చనిచ్చాను.

జూన్ 14

కమిటీ నుంచి జవాబు. ఒప్పుకున్నారు. వచ్చే వెర్షన్ నుంచి అలాంటి ఫైలుకు పసుపు రంగు హెచ్చరిక వస్తుందట. అంటే లోకంలో ఏ మూల, ఏ మెషీన్‌కి నియమాలు పంపేవాళ్ళు ఎవరైనా నాలాగా ఆ ట్యాగు ఖాళీగా వదిలితే పసుపు గీత పలకరిస్తుంది. నా పేరు అందులో ఉండదు. ఉండకపోయినా ఆ పసుపు నాది.

ఆ ఉత్తరం ప్రింటు తీసి చీఫ్ ఇంజినీరు గారికి చూపించాను. మా ఆయనకు చూపించాను. అత్తగారికి చదివి వినిపించాను. పాలవాడు మిగిలాడు అన్నారు మా ఆయన.

జూన్ 18

కొత్త ఫైలు దిగువ మెషీన్‌లోకి ఎక్కింది. ప్రతి నియమానికీ మెళ్ళో బిళ్ళ ఉంది. బడిపిల్లల్లా ఉన్నాయి. బాగున్నాయి.

జూన్ 27, శుక్రవారం

వాన పొద్దున్నే పట్టుకుంది. వంతెన దగ్గర చివరి స్తంభం పని ఒక్కటే మిగిలిందని మా ఆయన మనుషులను తీసుకుని దిగారు. వద్దనలేదు. వద్దంటే నా ఫైలు మీద నాకు నమ్మకం లేనట్టు.

ఆఫీసులో కూర్చోలేకపోయాను. గొడుగు వేసుకుని రేవు మెట్ల పైన నిలబడ్డాను. బోర్డు మీద ఖాళీ మేకులు కనిపిస్తున్నాయి. పైకి చూస్తే ఆనకట్ట, కిందికి చూస్తే స్తంభం చుట్టూ పసుపు టోపీలు.

పది దాటాక సైరన్ మోగింది. గేట్లను చూస్తూ ఉండిపోయాను. తెల్లటి గీత కోసం వెతుకుతున్నాను. గీత లేదు. సైరన్ మోగుతోంది, గేట్లు కదలడం లేదు. నీళ్ళు ఎర్ర గీత దాటాయని ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. తెలుసన్నాను. గేట్లు కదలడం లేదు. ఎక్కడో దూరాన, ఇంకొకరి ఆఫీసులో, ఇంకొకరి మెషీన్ నా రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టుకుని, ఇదే గెలవాల్సింది అని తెలుసుకుని ఆగింది. ఇంత గర్వం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. మార్చిలో పడ్డది దీని ముందు ఏ మూలకు?

మనుషులు ఒక్కొక్కరే ఎక్కి వస్తున్నారు. బిళ్ళలు ఒక్కొక్కటే మేకులకు చేరుతున్నాయి. చివర ఒక్క మేకు ఖాళీగా ఉంది. మా ఆయన తాపీగా, కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతున్నారు. పైకొచ్చి నన్ను చూసి, "కాపలానా?" అన్నారు. బిళ్ళ తగిలించారు.

నా ఫోన్ మోగింది.

"మేడమ్, బోర్డు నిండింది. గేటు లేవబోతోంది" అంది బుల్లెమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "వదినా, బోర్డు చెప్పింది సరే. నువ్వు చెప్పు. అన్నయ్య పైకొచ్చాడా?" అంది.

"వచ్చాడు. నా పక్కనే ఉన్నాడు" అన్నాను.

మూడో గేటు లేచింది. మేమిద్దరం మెట్ల మీద, ఆమె ఫోన్లో, ముగ్గురం ఆ చప్పుడు విన్నాం.

జూన్ 30, సోమవారం

తుది ప్రతి ఇవాళ సంతకాలకు వెళ్ళింది. పంపేముందు ఒక్క మార్పు చేశాను. అన్ని నియమాల కింద రచయిత అన్నచోట ఇద్దరి పేర్లూ పెట్టాను. దిగువ ఆఫీసు పెద్దాయన ఫోన్ చేసి, మీ ఆనకట్ట నియమాలకు మా అమ్మాయి పేరెందుకు అన్నారు. మీ అమ్మాయి కాదు, మా అమ్మాయి అన్నాను.

ఆమె పేరు పైన పెట్టి, నాది కింద పెట్టాను. ఆ ట్యాగులో పేర్లు ఏ వరుసలో రాసినా అర్థం మారదని కమిటీ పత్రంలో స్పష్టంగా ఉంది.

మా గదిలో మారుతుంది.